సెన్సార్‌ మార్చినా ఆరని దీపం
పరీక్షించకుండానే మార్పిడి.. కారు యజమాని జేబుకు చిల్లు

ఇబ్రహీంపట్నం: సాగర్‌ రహదారిపై నగరానికి నిత్యం తిరిగే కారులో పసుపురంగు ఇంజిన్‌ దీపం వెలిగిందంటే ఆ రోజు కిరాయి పోయినట్లే. మెకానిక్‌ స్కానర్‌ తగిలిస్తాడు. తెరపై ‘పీ0171’ అని పడుతుంది. ఆక్సిజన్‌ సెన్సార్‌ పోయిందని తేల్చి, వేల రూపాయల బిల్లుతో కొత్తది బిగిస్తాడు. కొద్దిరోజులకే దీపం మళ్లీ వెలుగుతుంది. నిజానికి ఆ సంకేతానికి అర్థం మిశ్రమంలో గాలి ఎక్కువైందనే. ఆ కబురు మోసుకొచ్చిన సెన్సార్‌నే దోషిగా నిలబెట్టడం విడ్డూరం.

ఈ పరికరాన్ని 1976లో తొలిసారి వోల్వో కార్లలో అమర్చారు. తయారుచేసింది జర్మనీకి చెందిన బాష్‌ సంస్థ. పొగగొట్టంలో ఉండే దీని జిర్కోనియా పింగాణీకి ఒకవైపు పొగ, మరోవైపు బయటిగాలి తగులుతాయి. రెండింటిలోని ఆక్సిజన్‌ తేడాను బట్టి వోల్టేజీ పుడుతుంది. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టుల దరికి, గాలి ఎక్కువైతే 0.1కి చేరుతుంది. కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి ఉండేలా కంప్యూటర్‌ ఇంధనాన్ని సవరిస్తుంది. కొన్ని కార్లలోని వైడ్‌బ్యాండ్‌ సెన్సార్ల లెక్క వేరు.

ఇంజిన్‌ వేడెక్కాక స్కానర్‌లో ముందు సెన్సార్‌ వోల్టేజీ చకచకా పైకీ కిందకీ ఊగితే అది బతికున్నట్లే. అప్పుడు గాలి గొట్టాల పగుళ్లు, పెట్రోలు పంపు ఒత్తిడి, సెన్సార్‌కు ముందున్న పొగగొట్టం లీకేజీ చూడాలి. ‘పీ0135’ వస్తే హీటర్‌ తీగలు, ఫ్యూజు చూశాకే సెన్సార్‌ జోలికి వెళ్లాలి. కన్వర్టర్‌ వెనుక ఉన్న సెన్సార్‌ దాదాపు నిలకడగా ఉండాలి. అదీ ముందుదానిలాగే ఊగుతుంటే కన్వర్టర్‌ను అనుమానించాలి.

చెవితోనే ఇంజిన్‌ జబ్బు పట్టిన కార్బురేటర్‌ కాలపు మెకానిక్‌ల నైపుణ్యాన్ని తక్కువ చేయలేం. కానీ 2020 ఏప్రిల్‌ 1 నుంచి అమలైన బీఎస్‌-6 నిబంధనలతో కార్లలో కాలుష్య నియంత్రణ మరింత కఠినమైంది. 2025లో పెట్రోలులో ఇథనాల్‌ వాటా 20 శాతానికి చేరింది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్‌ ఉన్నందున సవరణ భారం ఈ సెన్సార్‌పై మరింత పెరిగింది. అలాగని దీపాన్ని పట్టించుకోకుండా తిరగడమూ ప్రమాదమే. పెట్రోలు అధికంగా మండుతూ పోతే ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉన్న కన్వర్టరే మాడిపోతుంది. దాని ధర ముందు సెన్సార్‌ ఖర్చు ఏపాటిది?

బిల్లు చెల్లించేముందు స్కానర్‌ తెరపై ఊగే వోల్టేజీని చూపించమని, తీసిన పాత సెన్సార్‌ను చేతికివ్వమని యజమానులు నిలదీసి అడగాలి.