ఇల్లు దొరికితే చాలదు... కాగితమూ దొరకాలి!

సినిమా హీరోకి ఇల్లు దొరకడమంత తేలికైన పని లోకంలో ఇంకోటి లేదు. పెట్టె పుచ్చుకుని రైలు దిగుతాడు. ఎదురుగా 'టు లెట్' బోర్డు! మేడమీద గది, కింద ఇంటివారమ్మాయి. మూడో రీలుకల్లా డ్యూయెట్. మరీ ఇబ్బందొస్తే 1991 నాటి 'చిత్రం భళారే విచిత్రం'లో నరేష్‌లాగా చీర కట్టేస్తే సరి!

న్యూయార్కులో చీర కట్టినా లాభం లేదు. చదువుకనీ ఉద్యోగానికనీ అక్కడికి వెళ్తున్న మన కుర్రకారు తక్కువేం కాదు గనక, ఈ వారం ఆ ఊరి అద్దెల భాగోతం చెప్పుకుందాం.

'ఫ్రెండ్స్' సీరియల్ చూశారుగా? హోటల్లో వంట చేసుకునే మోనికా అంత పెద్ద ఫ్లాటు ఎలా భరించింది? అది వాళ్ల బామ్మ పేరు మీదున్న, అద్దెకి కళ్లెం ఉన్న పాత ఇల్లు! అలాటివి ఇప్పుడు అరుదు. మనబోటివాళ్లకి అందేది దాని తమ్ముడి వరసైన 'రెంట్ స్టెబిలైజ్డ్' ఫ్లాటు. 1969లో వచ్చిన చట్టం ఇది. 1974కి ముందు కట్టిన, ఆరు వాటాలకి తగ్గని భవనాల్లో ఇవి ఎక్కువ. పన్ను రాయితీ పుచ్చుకుని కట్టిన కొత్త మేడల్లోనూ కొన్ని ఉంటాయి. ఊరు మొత్తం మీద సుమారు పది లక్షలు!

వీటి గొప్పేమిటంటారా? అద్దె ఎంత పెంచాలన్నది ఓనరుగారి ఇష్టం కాదు. రెంట్ గైడ్‌లైన్స్ బోర్డు చెప్తుంది. 2025 అక్టోబరు, 2026 సెప్టెంబరు మధ్య మొదలయ్యే ఒప్పందాలకి ఏడాదికైతే 3 శాతం, రెండేళ్లకైతే 4.5 శాతం అంది. గడువు తీరాక ఒప్పందం మళ్లీ రాయించుకునే హక్కు మీది. చట్టం ఒప్పుకునే కారణం లేకుండా పొమ్మనడానికి వీల్లేదు.

అన్నట్టు, 'సలాం బాంబే' తీసిన మీరా నాయర్ కొడుకు జొహ్రాన్ మమ్దానీ 2025 నవంబరులో ఆ ఊరి మేయరుగా గెలిచాడు. ఈ అద్దెలు పెరగనివ్వనన్నదే ఆయన ప్రచారంలో హిట్ పాట! ఎన్నికలనాటికి ఆయన కాపురమున్నదీ అస్టోరియాలో ఇలాటి ఫ్లాటులోనే.

సరే, వెతకడమెలా? ప్రకటనల్లో ఆ ముక్క రాసేవాళ్లు తక్కువ. మీరే పాత భవనం చూసి, మెయిల్ బాక్సులు లెక్కపెట్టి, ఆరుకి తగ్గకపోతే అడగాలి. క్వీన్స్, బ్రాంక్స్, మన్‌హట్టన్ పైకొసన వాషింగ్టన్ హైట్స్... ఇలాటి పేటలు తిరగండి. కొత్త మేడల్లోని వాటికి 'హౌసింగ్ కనెక్ట్' అని నగరం వారి లాటరీ ఉంది. ఓపిక ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

దొరికిందా? సంబరపడకండి. అసలు కథ ఇప్పుడే మొదలు!

నాకు తెలిసిన కుర్రాడొకడు క్వీన్స్‌లో అలాటి ఫ్లాటులోనే దిగాడు. ఒప్పందం ఓ పాత కాపు పేరు మీద ఉంది. ఆయనా మన తెలుగువాడే. "అన్నా" అని పిలిచేవారు. ముగ్గురు కుర్రాళ్లు తలా 900 డాలర్లు ఆయన చేతిలో పోసేవారు. ఓ రోజు ఒప్పందం కాగితం బల్లమీద కనిపించింది. ఇల్లు మొత్తానికీ అద్దె 1,900! అంటే అన్నగారు పైసా కట్టకుండా ఉంటూ, నెలకి 800 జేబులో వేసుకుంటున్నారు. ఇలాటి ఫ్లాటుల్లో తోటివాళ్ల దగ్గర వాళ్ల వంతుకి మించి పుచ్చుకోకూడదని నిబంధన ఉంది. నలుగురికి పంచితే వాడి వంతు 475. ఆ మిగతా డబ్బు ఊళ్లో నాన్న చేసిన అప్పులోది. ఓనర్ని అనుమానించడం మనకి తెలుసు. మనవాణ్ణి అడగడానికే మొహమాటం!

అందుకని మొహమాటం మానేసి అడగండి. ఒప్పందానికి రెంట్ స్టెబిలైజేషన్ హక్కుల పత్రం జతచేశారా? ఆ ఫ్లాటుకి ఏయే ఏడు ఎంత అద్దె నమోదయిందో రాష్ట్ర గృహశాఖ దగ్గర చరిత్ర ఉంటుంది. ఒప్పందం చేసుకున్నవాళ్లు అడిగితే ఉచితంగా పోస్టులో పంపుతారు. చేరిన వారంలోనే తెప్పించండి. ఒక్క ఏడాదిలో అద్దె గంతేసిందా? రిపేర్ల పేరిట కొంత పెంచొచ్చు గాని దానికీ హద్దుంది. కావాలని ఎక్కువ గుంజినట్టు తేలితే మూడింతలు కక్కించే వీలుంది. చట్టబద్ధమైన అద్దెకన్నా తగ్గించి ఇస్తున్నామని రాశారా? 2019 చట్టం తరవాత, మీరున్నన్నాళ్లూ ఆ తగ్గింపుని లాగేసుకోడానికి లేదు.

భవనం మీద ఉన్న ఫిర్యాదులు నగర గృహశాఖ రికార్డుల్లో ఎవరైనా చూడొచ్చు. 'సి' తరగతి అంటే వెంటనే ప్రమాదమని అర్థం. నల్లుల చరిత్ర కూడా ఓనరు రాసివ్వాలి. నవ్వకండి, అది చట్టమే!

దరఖాస్తు రుసుం 20 డాలర్లు దాటకూడదు. అడ్వాన్సు ఒక నెల అద్దెకి మించకూడదు. 2025 జూన్ నుంచి, ఓనరు పెట్టుకున్న బ్రోకరుకి ఓనరే ఇచ్చుకోవాలి. "ఇల్లు చూపించకముందే డబ్బు పంపు" అన్నవాడికి దూరం నుంచే దండం పెట్టండి.

సినిమాలో విలన్ ఎవరో హీరోకి ఆఖరి రీల్లో తెలిసినా ఫరవాలేదు, టిక్కెట్టు డబ్బు ప్రేక్షకుడిది. ఇక్కడ డబ్బు మీది. సంతకానికి ముందే తెలుసుకోండి!