వృద్ధుల నివాసములు - చూడవలసిన సంగతులు

కోయంబత్తూరు ప్రాంతమున వృద్ధుల నివాసములు పెక్కు వెలసినవి. మన కుటుంబములవారును పెద్దలను అందు చేర్చుచున్నారు. దీనిని మేము తప్పు పట్టము. బిడ్డలు దూరదేశముల నుండగా ఒంటరి యింటికంటె అది మేలే కావచ్చును. కాని చేర్చువారు అడుగునది గది కొలతయు, నెలసరి రుసుమును మాత్రమే. కందిపప్పు బస్తా కొనుటకు గుప్పెడు తీసి చూచు వర్తకులము, ఇచ్చట చూడకుండుట వింత!

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము, జిల్లాకు కనీస మొక ఆశ్రమమును, 150 మంది నిరుపేద వృద్ధులకు తావుండునట్లు, రాష్ట్రప్రభుత్వము స్థాపింపవచ్చు నన్నది. 'వచ్చును' అన్నదే గాని 'వలెను' అనలేదు. అందలి సేవలకు ప్రమాణములు నిర్ణయించుటయు ప్రభుత్వమునకే విడిచినది.

ప్రమాణము గోడకు వ్రేలాడదీసిన చాలదు. స్నానపు వేళ ఎవరు నిర్ణయింతురు? చీర మడచుకొనుట, కాఫీ కలుపుకొనుట వంటి పనులను పెద్దామెను చేసికొననిత్తురా, తొందరకై సేవకురాలే ముగించునా? అట్లు ముగించుచు పోయిన, కొన్ని మాసములకు ఆమె చేతులు ఆ పనినే మరచును. తమిళము చక్కగా వచ్చినవారికే, మతిమరుపు ముదిరిన పిమ్మట, ఇంటి తెలుగొక్కటే మిగులుట కద్దు. నొప్పి యెక్కడనో ఆ తెలుగున చెప్పిన, వినువారుండవలదా?

కనుక మన సంఘమునుండి వారమున కిద్దరు, నిర్వాహకుల సమ్మతిని ఒకమారు పొంది, ఆ పైన ముందుగా తెలుపక, భోజనవేళ వెళ్ళి చూచి రావలెనని మా అభిప్రాయము. ఇద్దరిలో ఒకరు స్త్రీ అయియుండుట మంచిది. పేర్లిచ్చువారు ఆదివారపు సమావేశమునకు రాగోరుచున్నాము.