భేజ్జికి రోడ్డు సరే.. భాషకు దారేది?

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా భేజ్జి పేరు దేశానికి తెలిసింది ప్రధానంగా హింసాత్మక ఘటనల వార్తలతోనే. 2017 మార్చి 11న ఆ గ్రామ సమీపంలో రహదారి పనులకు రక్షణగా ఉన్న 12 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు మావోయిస్టుల దాడిలో ప్రాణాలు కోల్పోయారు. నేటికీ బస్తర్‌పై చర్చ అంతా రోడ్లు, భద్రతా శిబిరాల చుట్టూనే సాగుతోంది. అక్కడి ప్రజల భాషకు, పాటకు అందులో దక్కుతున్న చోటు స్వల్పం.

భేజ్జి ఉన్న కోంటా ప్రాంతంలో దోర్ల, మురియా ఆదివాసులు నివసిస్తున్నారు. దోర్ల వారి మాట కోయ, గోండీ భాషలకు చెందినదే అయినా, తెలుగు ప్రభావం దానిపై గాఢంగా ఉంది. 2005లో సల్వాజుడుం ఘర్షణలు మొదలయ్యాక ఇక్కడి నుంచి వేలాది మంది అప్పటి ఖమ్మం జిల్లాకు వలస వెళ్లారు. వారి పిల్లల బడి భాష హిందీ నుంచి తెలుగుకు మారింది. ఇంటి భాషకు మాత్రం రెండు చోట్లా ఆదరణ అంతంతమాత్రమే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కోయ, గోండీ సహా 8 గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో ప్రాథమిక విద్యకు శ్రీకారం చుట్టారు. కోంటా వైపు చదువు దేవనాగరిలో సాగుతుంది. ఒకే మాట సరిహద్దుకు చెరోవైపు చెరో లిపిలో ఉంటే, ఒకచోట అచ్చయిన కథ మరోచోట చదివేవారికి అందదు.

ఈ విషయంలో హంగరీ అనుభవం పరిశీలించదగినది. 1825లో ఇస్త్వాన్ సెచెన్యీ తన ఏడాది ఆదాయాన్ని విరాళంగా ప్రకటించడంతో అక్కడి అకాడమీకి పునాది పడింది. 1832లో ఆ సంస్థ లేఖన నియమాలను ప్రచురించింది. 1920 నాటి ట్రయనాన్ ఒప్పందంతో దాదాపు 30 లక్షల మంది హంగేరియన్లు పొరుగు దేశాల పాలనలోకి వెళ్లినా, ఉమ్మడి రాత భాష వారిని కలిపి ఉంచింది. బార్తోక్, కొదాయ్ గ్రామాల్లో సేకరించిన జానపద గీతాల తొలి సంకలనం 1906లో వెలువడింది. తరువాత కొదాయ్ కృషితో ఆ పాటలు పాఠశాలలకు చేరాయి.

2011 జనగణన ప్రకారం గోండీ మాతృభాషగా గలవారు సుమారు 30 లక్షలు, కోయ మాట్లాడేవారు 4 లక్షలకు పైగా ఉన్నారు. సుమారు 15 లక్షల మంది మాట్లాడే బోడో, 2003లో ఎనిమిదో షెడ్యూల్‌లో చేరింది. గోండీకి ఆ గుర్తింపు దక్కలేదు. రాజ్యాంగంలోని 350ఏ అధికరణ మాతృభాషలో ప్రాథమిక విద్యకు సదుపాయాలు కల్పించాలని నిర్దేశిస్తోంది. జాతీయ విద్యా విధానం 2020 కూడా అదే చెబుతోంది.

జాప్యానికి మూల్యం తక్కువేమీ కాదు. కోయల ఇలవేల్పుల గాథలను కోయ, తెలుగు భాషల్లో గానం చేసి 2022లో పద్మశ్రీ పొందిన సకిని రామచంద్రయ్య 2024లో కన్నుమూశారు. ఇటువంటి గాయకుల జ్ఞాపకంలోనే ఉన్న సాహిత్యం వారితోనే అంతరించే ప్రమాదముంది. కోయ మాట్లాడే ప్రాంతాలున్న రాష్ట్రాలు ఉమ్మడి వాచకాలపై అంగీకారానికి వచ్చి, స్థానిక యువతకు పాటల సేకరణ బాధ్యత అప్పగించడం తక్షణావసరం. బస్తర్‌లో శాంతి నిలవాలంటే రహదారితో పాటు అక్కడి మాటకు బడిలో స్థానం దక్కాలి.