మొటిమలకు మందా? ముఖానికి ముప్పా?

పెళ్ళిచూపులు దగ్గర పడతాయి. లేదా పట్నంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంటుంది. పిల్ల ముఖం నిండా మొటిమలు. "ఏదైనా మంచి క్రీము ఇవ్వండి" అని మందుల షాపులో అడిగితే చిన్న ట్యూబు చేతికి వస్తుంది. నాలుగు రోజులలో ఎరుపు తగ్గి ముఖం తేటపడుతుంది. ఆ ట్యూబు పేరు వీధి వీధంతా పాకుతుంది. మన పల్లెలలో ఇది మామూలు విషయమైపోయింది.

ఇలా చేతులు మారుతున్న ట్యూబులలో చాలావాటిలో ఉండేది స్టెరాయిడ్. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ వంటి పేర్లు వాటి మీద అచ్చువేసి ఉంటాయి. గజ్జి తామరలకు మిగిలిన ట్యూబును ముఖానికి పూసేవారూ ఉన్నారు. తామరకే అది తగని మందు. ఇక మొటిమల సంగతి చెప్పనక్కరలేదు. స్టెరాయిడ్ వాపును అణచి తాత్కాలికంగా మెరుగు చూపిస్తుందే తప్ప మొటిమను నయం చేయదు. నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది. ఎర్రటి నరాలు తేలుతాయి. ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. ఎండలోకి వెళితే భగ్గున మండుతుంది. మానేస్తే మొటిమలు రెట్టింపై లేస్తాయి. భయపడి మళ్ళీ అదే పూస్తారు.

ఇది మా ఊహ కాదు. దేశంలోని 12 వైద్య కేంద్రాలలో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించిన నివేదిక 2011లో వెలువడింది. వారిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూస్తున్నవారే. పూసినవారిలో ప్రతి పదిమందిలో తొమ్మండుగురికి హాని జరిగింది. ఆ హానిలో ఎక్కువగా కనిపించినది మొటిమలు పుట్టడం, ఉన్నవి ముదరడమే కావడం గమనార్హం.

ముఖం చూసో, ఊరి పేరు వినో మనిషికి ముద్ర వేయడం ఎంత అన్యాయమో స్టూవర్టుపురం వారికి వేరే చెప్పాలా? నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయిన తర్వాత కూడా ఆ ముద్రను మోసిన ఊరది. అటువంటి ఊరినుంచి చదువుకూ కొలువుకూ నలుగురిలోకి వెళ్ళే పిల్లకు ముఖం మీది మొటిమ చిన్న విషయం కాదు. "వయసు మొటిమలు, వాటంతటవే పోతాయిలే" అని పెద్దలు కొట్టిపారేయడం వల్లనే పిల్లలు ఎవరికీ చెప్పకుండా ట్యూబులు పూసుకుంటున్నారు.

మొటిమలకు అసలైన మందులు లేకపోలేదు. యుక్తవయసులో చర్మంలోని నూనె గ్రంథులు ఎక్కువగా పనిచేసి, రంధ్రాలు పూడిపోయి, అందులో సూక్ష్మక్రిములు పెరిగితే మొటిమ లేస్తుంది. క్రిములను తగ్గించడానికి బెంజాయిల్ పెరాక్సైడ్, రంధ్రాలు పూడకుండా రాత్రిపూట రాసుకునే అడాపలీన్ ఉన్నాయి. అయితే ఇవి నాలుగు రోజుల మందులు కావు. మొదట చర్మం కొంత పొడిబారుతుంది. గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఓపిక పట్టక మధ్యలో మానేసేవారే ఎక్కువ. మొండి మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ బిళ్ళలు బాగా పనిచేస్తాయి. కానీ గర్భిణి మింగితే కడుపులోని బిడ్డకు తీవ్రమైన అవకరాలు కలుగుతాయి. అందువల్ల ఆ బిళ్ళలు వాడినంత కాలం, మానిన తర్వాత ఒక నెల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. కొత్తగా పెళ్ళయిన వారు ఈ మాట మరవరాదు. డాక్టరు చీటీ లేకుండా ఆ బిళ్ళ ముట్టరాదు.

చట్టం లేక కాదు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను 'హెచ్' షెడ్యూలులో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదు. అది కాగితం మీద మిగిలిపోకుండా చూడవలసిన బాధ్యత ఔషధ నియంత్రణ శాఖది. బాపట్ల, చీరాల పట్టణాలలోనే గాక పల్లెల దుకాణాలలోనూ తనిఖీలు జరపాలి. అమ్మేవారూ "ఇది ముఖానికి కాదు" అని ఒక్క మాట చెబితే ఎంతో మేలు.

చర్మ వైద్యానికి స్టూవర్టుపురం నుంచి తెనాలి మీదుగా గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే ఒక రోజు కూలి పోతుంది. నెలకు ఒక్కసారైనా చర్మ వైద్య నిపుణుని ఈ ప్రాంతానికి పంపాలని, ఇ-సంజీవని ద్వారా నిపుణులతో మాట్లాడించే ఏర్పాటు పల్లెలలో ఈ రోగులకూ అందేలా చూడాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాం.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ పిల్లలు ముఖానికి పూస్తున్న ట్యూబును ఈ రోజే తీసి చూడండి. పేరు అర్థం కాకపోతే ఆశా కార్యకర్తకో, నర్సుకో చూపించండి. స్టెరాయిడ్ అని తేలితే, చాలాకాలంగా పూస్తున్నవారు తమంతట తాము ఒక్కసారిగా ఆపకుండా డాక్టరును కలవాలి. పిల్లలను మందలించకండి. తోడుగా వెళ్ళండి.