ఆ ‘ఏడీ’ ముద్ర మీ రెజ్యూమేలో ఉందా?

ఫైనలియర్‌లో నా ప్రాజెక్టు నేను చేసింది కాదు. నలుగురం తలా కొంత వేసుకుని కొన్నాం. రిపోర్టు అట్ట మీద మా పేర్లు బంగారు అక్షరాల్లో మెరిశాయి. మొదటి ఇంటర్వ్యూలో ‘ఈ టేబుల్‌ని రెండుగా ఎందుకు విడగొట్టారు?’ అని అడిగారు. నోరు పెగల్లేదు. అంతే, బయటికొచ్చేశా.

చాలా ఏళ్లకు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ గురించి చదువుతుంటే ఆ గది మళ్లీ గుర్తొచ్చింది. 1471లో జర్మనీలోని నురెంబర్గ్‌లో కంసాలి ఇంట పుట్టాడు. లోహం మీద సన్నటి ఉలి నడపడం తండ్రి దగ్గరే నేర్చాడు. పదిహేనేళ్లకు వోల్గముట్ అనే చిత్రకారుడి దగ్గర శిష్యుడిగా చేరి, చెక్క అచ్చులతో బొమ్మలు ముద్రించే పని చూశాడు. 1498లో 15 పెద్ద వుడ్‌కట్‌లతో ‘అపోకలిప్స్’ పుస్తకాన్ని తనే ప్రచురించుకున్నాడు. భార్య ఆగ్నెస్ సంతలకు తీసుకెళ్లి ప్రింట్లు అమ్మేది. వాటి మీద ఒకటే ముద్ర: ‘ఏ’ కాళ్ల మధ్య ‘డి’.

ఆ ముద్ర ఎంత పాపులరంటే, ఇటలీలో మార్కాంటోనియో రైమొండి అనే ఎన్‌గ్రేవర్ డ్యూరర్ వుడ్‌కట్‌లను రాగిరేకు మీద దించేసి, ‘ఏడీ’ కూడా చెక్కేశాడు. డ్యూరర్ వెనిస్‌లో ఫిర్యాదు చేశాడనీ, ముద్ర వాడొద్దన్న తీర్పు తప్ప ఇంకేం దక్కలేదనీ వసారి అనే ఇటలీ రచయిత రాశాడు.

నాకు ఆ తీర్పు ఇవాళ్టి ఫ్రెషర్స్ కోసమే అనిపిస్తుంది. కోడ్ గిట్‌హబ్‌లో దొరుకుతుంది, ఏఐ రాసిస్తుంది. చూసి నేర్చుకోండి, వాడుకోండి, తప్పులేదు. దాని కింద మీ పేరు పెట్టుకోవడం దగ్గరే తేడా వస్తుంది.

‘అందరూ అదే చేస్తున్నారుగా, ఐదు ప్రాజెక్టులు లేకపోతే రెజ్యూమే చూడరు’ అంటారు. నిజమే, లిస్టు చూసి పిలవొచ్చు. కానీ ఉద్యోగం ఇచ్చేది లోపలి గదిలో, ఆ ఒక్క ప్రశ్న తర్వాత.

అన్నీ ఒంటరిగా చేయమనీ కాదు. వుడ్‌కట్‌లలో డ్యూరర్ బొమ్మ గీస్తే, చెక్కను చాలాసార్లు వేరే పనివాళ్లు చెక్కేవారు. గీత మాత్రం తనది. మీరూ ‘లాగిన్ మాడ్యూల్ నాది, మిగతాది టీమ్‌ది’ అని చెప్పండి. చిన్నదైనా ఫర్వాలేదు.

ఇవాళ రెజ్యూమే తెరిచి ఒక్కో లైను మీద వేలు పెట్టండి. ‘ఎందుకిలా?’ అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పలేని లైను కొట్టేయండి. మిగిలింది రెండు లైన్లే అయినా, అది మీ ‘ఏడీ’.