పలక ఇచ్చారు, బలపం ఇవ్వలేదు

మన రెండు తెలుగు రాష్ట్రాల బడుల్లోకి తెరలు వచ్చాయి. నల్లబల్ల పక్కన పెద్ద ప్యానెలు, పిల్లల చేతుల్లో ట్యాబు, పాఠ్యపుస్తకం పుట మీద క్యూఆర్ కోడు. వీటి కోసం ఖర్చయిన కోట్ల గురించి పత్రికల్లో కావలసినంత చర్చ జరిగింది. నేను ఎత్తదలచుకున్న విషయం వేరు. ఈ తెరల మీద పిల్లవాడు చూడటానికి ఏర్పాటు ఉంది, రాయడానికి లేదు. తెలుగులో రాయడానికైతే అసలే లేదు. డిజిటల్ విద్య పేరిట మనం పిల్లలకు పలక ఇచ్చి బలపం దాచిపెట్టాం అన్నది నా అభియోగం.

పలక మాట ఊరికే వాడటం లేదు. మన చదువు మొదలయ్యేదే చేతివేలితో. బియ్యంలోనో ఇసుకలోనో ఓనమాలు దిద్దిస్తారు. ఆ తర్వాత పలక. పంతులుగారు రాసింది చూసి ఊరుకుంటే దాన్ని చదువు అనలేదు మనవాళ్ళు. దిద్దాలి, తప్పితే చెరపాలి, మళ్ళీ రాయాలి. రెండు రూపాయల పలకకు ఉన్న ఈ గుణం వేల రూపాయల ట్యాబుకు లేకపోతే ఆ లోపం యంత్రానిది కాదు. దాన్ని బడికి తెచ్చినవారు పిల్లవాణ్ణి ఏమనుకున్నారన్నదే ప్రశ్న. ప్రేక్షకుడనుకున్నారు.

చరిత్ర చూసినా ఇదే కనబడుతుంది. కేంద్రప్రభుత్వం 1984-85లో ‘క్లాస్’ అనే పథకం కింద బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. 2004 డిసెంబరులో ‘ఐసీటీ ఎట్ స్కూల్స్’ పథకం వచ్చింది. 2017లో ‘దీక్ష’ వేదిక వచ్చింది. కరోనా కాలంలో 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి ద్వారానూ, టీశాట్ ద్వారానూ పాఠాలు ప్రసారం చేశారు. బడులు మూతబడ్డ కష్టకాలంలో అది అవసరమే, దాన్ని తప్పుపట్టను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జూన్‌లో బైజూస్ సంస్థతో ఒప్పందం చేసుకొని, ఆ ఏడాది డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ సంస్థ పాఠాలు నింపిన ట్యాబుల పంపిణీ మొదలుపెట్టింది. 2024 జూలైలో అదే సంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. యంత్రం మారింది, ప్రభుత్వాలు మారాయి, గుత్తేదార్లు మారారు. పాఠం ప్రయాణించే దిశ మాత్రం మారలేదు. పైనుంచి కిందికి, తెర నుంచి కంటికి. కంటి నుంచి చేతికి, చేతి నుంచి తెరకు తిరుగుప్రయాణం ఏ పథకంలోనూ లేదు.

యంత్రాన్ని పంచితే చదువు దానంతటదే వస్తుందన్న నమ్మకం మనదొక్కరిదే కాదు. పెరూ దేశం ఎనిమిది లక్షలకు పైగా చిన్న ల్యాప్‌టాపులు కొని పిల్లలకు పంచింది. అక్కడి 319 గ్రామీణ ప్రాథమిక పాఠశాలలను పరిశీలించి అంతర అమెరికా అభివృద్ధి బ్యాంకు పరిశోధకులు 2012లో ఫలితాలు ప్రకటించారు. లెక్కల్లోనూ, భాషలోనూ పిల్లల ప్రగతికి ల్యాప్‌టాపు వల్ల చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు. యంత్రం ఇచ్చారు గాని దానితో తరగతిలో ఏం చెయ్యాలో ఉపాధ్యాయుడికి చెప్పినవారు తక్కువ. మన దగ్గర ఆ అనుభవాన్ని పట్టించుకున్న దాఖలా నాకు కనబడదు.

ఆ మధ్య ఒక జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు వెళ్ళాను. తొమ్మిదో తరగతి గదిలో మంచి ప్యానెలు ఉంది. మాస్టారు శ్రద్ధగలవారు. గుండె పనిచేసే తీరు చూపిస్తున్నారు, పిల్లలు కళ్ళప్పగించి చూస్తున్నారు. బొమ్మ బాగుంది, కాదనను. పాఠం అయ్యాక ఒక అమ్మాయిని పిలిచి “మీ ఊరి పేరు దీని మీద తెలుగులో టైపు చెయ్యమ్మా” అన్నాను. మీటలు పైకొచ్చాయి, అన్నీ ఇంగ్లీషువి. “తెలుగు రాదండీ ఇందులో” అంది ఆ పిల్ల. ప్యానెలు పెట్టి ఏడాది దాటిందట. సెట్టింగులలోకి వెళ్ళి తెలుగు చేర్చడానికి రెండు నిమిషాలు పట్టింది. “ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళు లేరండీ” అన్నారు మాస్టారు. శిక్షణలో తమకెవరూ చెప్పలేదు కూడానట. నా అభియోగమంతా ఆ ఒక్క మాటలో ఉంది. యంత్రంలో తెలుగు ఉంది. తరగతిలో తెలుగు పిల్లలున్నారు. ఈ రెంటినీ కలపడం ఎవరి పనీ కాకుండా పోయింది.

సాధనం లేదా అంటే, ఎప్పుడో ఉంది. భారతీయ భాషలన్నిటికీ ఒకే అమరిక ఉండాలని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లోనే ఇన్‌స్క్రిప్టును ప్రమాణంగా నిర్ణయించింది. యూనికోడు మొదటి సంచిక 1991లో వచ్చినప్పుడే అందులో తెలుగుకు 128 గళ్ళు కేటాయించారు. విండోస్ ఎక్స్‌పీ నాటినుంచీ సాధారణ కంప్యూటర్లలో తెలుగు ఉంది. ఇప్పుడు అన్ని ఫోన్లలోనూ ఉంది. అంటే ఈనాటి పదో తరగతి పిల్లవాడు పుట్టకముందే దారి వేసి ఉంది. బడి ఆ దారిన నడవలేదు, అంతే.

ఇన్‌స్క్రిప్టు గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఎందుకంటే మన బ్లాగరుల్లో చాలామందిమి లేఖిని దారిన వచ్చినవాళ్ళం. ఇంగ్లీషు మీటలు అప్పటికే మన వేళ్ళకు అలవాటై ఉన్నాయి, ఆ అలవాటు మీదుగా తెలుగుకు చేరాం. అది మనకు సరిపోయింది. ‘అ’ వచ్చి ఇంగ్లీషు సరిగా రాని మూడో తరగతి పిల్లకు అది సరిపోదు. తన ఇంటికి తాను వెళ్ళడానికి పక్కవీధి చుట్టి రమ్మన్నట్టుంటుంది. ఇన్‌స్క్రిప్టులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు ప్రధానంగా కుడిచేతికి వస్తాయి. ‘క’ ఉన్న మీట మీదనే షిఫ్టుతో ‘ఖ’ వస్తుంది. ‘త’ మీద ‘థ’, ‘ప’ మీద ‘ఫ’. అల్పప్రాణం మామూలుగా, మహాప్రాణం షిఫ్టుతో. అంటే మన వర్ణమాల లోపలి క్రమమే ఆ అమరికలో ఉంది. అదే ‘క’ మీట మీద హిందీ ‘క’ కూడా ఉంటుంది కాబట్టి ఒక్కసారి వేళ్ళకు అలవాటైతే రెండో భాష దాదాపు ఉచితం. ఫోన్లలో అమరిక వేరుగా ఉండవచ్చు. అయినా అక్షరాన్ని కూర్చే పద్ధతి ఒక్కటే.

ఆ కూర్చడంలోనే చదువుంది. ‘స్త్రీ’ అని టైపు చెయ్యాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, ఆపైన ఈత్వం, మొత్తం ఆరు మీటలు. ‘రాష్ట్రం’ రాయాలంటే ‘ష’ ముందా, ‘ట’ ముందా తెలియాలి. కాగితం మీద పిల్లవాడు ఒత్తులను బొమ్మలా చూసి గీసేస్తాడు. పై అక్షరమేదో, కింద ఒత్తేదో తికమకపడ్డా సున్నలూ గీతలూ కలిపి గట్టెక్కుతాడు. మీటల మీద అది కుదరదు. నోటితో పలికే వరసలోనే అక్షరాలు నొక్కాలి. వరస తప్పితే తెర వెంటనే చూపిస్తుంది, చెరిపి మళ్ళీ రాసుకోవచ్చు. సంయుక్తాక్షరాలు నేర్పడానికి ఇంతకన్న ఓపికైన ఉపాధ్యాయుడు దొరకడు. ఇది ఏ ఆప్‌నూ కొనక్కర్లేని డిజిటల్ విద్య.

దీనికి బదులు ఏం జరుగుతోంది? 2024 ‘అసర్’ నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో 14-16 ఏళ్ళ పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చు. పిల్లలు టైపు చెయ్యడం లేదనుకోకండి, రోజంతా చేస్తున్నారు. మన పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో చేస్తున్నారు. ‘పాలు’కూ ‘పళ్ళు’కూ తేడా తెలియని రాత అది. దీర్ఘం లేదు, ఒత్తు లేదు, ‘ల’కూ ‘ళ’కూ భేదం లేదు. పిల్లలను తిట్టి లాభం లేదు. ఎవరూ నేర్పని చోట వాళ్ళే ఒక దారి చూసుకున్నారు. నేర్పవలసిన బడి నేర్పకపోవడమే తప్పు.

ఇంకో తప్పు పుస్తకాలది. మన పాఠ్యపుస్తకాలు పీడీఎఫ్ రూపంలో జాలంలో ఉన్నాయి, సంతోషం. కాని ఎన్నో పుస్తకాల్లోంచి ఒక తెలుగు వాక్యం కాపీ చేసి చూడండి, అర్థంలేని గుర్తులు వస్తాయి. అచ్చుపనికి వాడే పాత ఖతులతో కూర్చడమే కారణం. కంటికి తెలుగు, కంప్యూటరుకు చెత్త. ఆ పుస్తకంలో ఒక మాట వెతకలేం. అన్నిటికన్న ఘోరం, చూపులేని విద్యార్థికి ఆ పుస్తకం మూగది. తెర మీది పాఠాన్ని చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేరు తెలుగుకూ ఉంది. దానికి కావలసింది యూనికోడు అక్షరం. అదే మూలప్రతిని యూనికోడులో ఇస్తే పైసా అదనపు ఖర్చు లేకుండా ఆ పిల్లవాడు తన పాఠం తాను వింటాడు. ఈ పని చెయ్యకుండా ఎన్ని ప్యానెళ్ళు బిగించినా దాన్ని డిజిటల్ విద్య అనడానికి నాకు మనసొప్పదు.

ఆక్షేపణలు ఊహించగలను.

“పరీక్ష కాగితం మీదే కదా, టైపు ఎందుకు?” అంటారు. ఇంటరు దాటగానే రాసే ప్రవేశపరీక్ష రెండు రాష్ట్రాల్లోనూ కంప్యూటరు మీదే జరుగుతోంది. అక్కడ కూడా నాలుగింటిలో ఒకటి ఎంచి నొక్కడమే. ఒక్క వాక్యం సొంతంగా రాయకుండా యంత్రం ముందు కూర్చునే అలవాటును పెంచి పోషిస్తున్నాం. రేపు ఈ పిల్లలే ఆఫీసులో తెలుగు అర్జీ ఒకటి టైపు చెయ్యడానికి బజారులో డీటీపీ షాపు వెతుక్కుంటారు.

“ఇప్పుడు నోటితో చెబితే ఫోనే రాసేస్తోంది, కృత్రిమ మేధ వ్యాసాలే రాసిపెడుతోంది” అంటారు. చెప్పింది సరిగ్గా పడిందో లేదో చూసి దిద్దేవాడు కావాలి కదా! దిద్దాలంటే అక్షరం చేతిలో ఉండాలి. పైగా ఆ యంత్రాలు నేర్చుకునేది మనుషులు రాసిపెట్టిన దాన్నుంచే. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 8 కోట్ల 11 లక్షలు. ఇంతమంది ఉండి, పిల్లలకు రాయడం నేర్పకుండా, యంత్రం మన భాషలో తప్పులు చేస్తోందని వాపోవడం న్యాయం కాదు.

“కాబట్టి తెరలే వద్దంటావా?” అనకండి. ఇంగ్లీషు వద్దనీ అనడం లేదు. ఉన్న తెరను రెండు వైపులా వాడమంటున్నాను. ఆరో తరగతి నుంచి వారానికి ఒక పీరియడు తెలుగు టైపుకు ఇవ్వాలి. బడికి కొనే ప్రతి యంత్రమూ తెలుగు మీటలు తెరిచి ఉంచిన స్థితిలోనే రావాలని టెండరులోనే రాయాలి. పాఠ్యపుస్తకాలన్నీ యూనికోడులో ఇవ్వాలి. ఉపాధ్యాయుల శిక్షణలో ఒక పూట దీనికి కేటాయించాలి. తొమ్మిదో తరగతి పిల్లలు తమ ఊరి చెరువు గురించో, సంత గురించో ఒక పుట రాసి తెలుగు వికీపీడియాలో ఆ ఊరి వ్యాసానికి చేర్చగలిగితే, ఆ బడి నిజంగా డిజిటల్ బడి అని ఒప్పుకుంటాను. వీటిలో దేనికీ కొత్త యంత్రం అక్కర్లేదు.

ప్రభుత్వాలు వింటాయని కూర్చోలేం. మిత్రులారా, ఈసారి సెలవులకు ఊరెళ్ళినప్పుడు అక్కడి బడికి ఒకసారి వెళ్ళండి. ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకొని, ఆ ప్యానెలులో తెలుగు మీటలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే చేర్చండి. ఒక పిల్లవాడి చేత వాడి పేరు టైపు చేయించి రండి. ఎన్ని బడుల్లో తెలుగు కనబడిందో, ఎన్ని బడుల్లో కనబడలేదో వచ్చి ఇక్కడ రాయండి. అధికారుల ముందు పెట్టడానికి మనకు ముందు ఆ లెక్క కావాలి.