పరీక్షా ట్రాక్ మీద ఎవరి బొమ్మ?

లారీలు, బస్సులు, వ్యాన్లు తయారుచేసే ప్రపంచ పరిశ్రమ రెండేళ్లకోసారి జర్మనీలోని హానోవర్‌లో కలుసుకుంటుంది. ఐఏఏ పేరుతో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరుగుతూ వచ్చిన మోటారు ప్రదర్శనను జర్మనీ వాహన పరిశ్రమ సంఘం వీడీఏ రెండుగా విడదీసి, కార్లను అక్కడే ఉంచి, సరకు రవాణా, ప్రజా రవాణా వాహనాలను 1992లో హానోవర్‌కు తరలించింది. కొవిడ్ వల్ల రద్దయిన 2020ని మినహాయిస్తే, అప్పటి నుంచి సరిసంఖ్య సంవత్సరాల్లో ఆ ప్రదర్శన, దానితోపాటు సాంకేతిక సదస్సులు అక్కడే సాగుతున్నాయి. 2024 సెప్టెంబరు 17 నుంచి 22 వరకు జరిగిన సమావేశానికి 1,600కు పైగా సంస్థలు వచ్చాయి. చూపరుల కళ్లు బ్యాటరీ లారీల మీద, హైడ్రోజన్ ట్యాంకుల మీద నిలవడం సహజమే గానీ, పరిశ్రమను లోలోపల వేధిస్తున్న ప్రశ్న వేరు: తనంతట తాను బ్రేకు వేసుకునే లారీ నిజంగా సమయానికి వేస్తుందని ఎవరు, ఎక్కడ, ఏ పరీక్ష పెట్టి తేల్చాలి? దీన్ని ఇంజనీర్ల సొంత వ్యవహారంగా వదిలేయడం పొరపాటు. ఏ ప్రమాదాన్ని పరీక్షించాలన్న ఎంపికలోనే ఎవరి ప్రాణానికి లెక్క ఉందన్నది తేలిపోతుంది.

వాహన పరీక్ష అనగానే తెలుగు పాఠకుడికి గుర్తొచ్చేది రవాణా శాఖ కార్యాలయం ముందు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం వరస కట్టిన లారీలు. అది రోడ్డెక్కిన బండికి చేసే పరీక్ష. ఇక్కడ ప్రస్తావిస్తున్నది అంతకుముందటిది: ఒక నమూనా బండి మార్కెట్లోకి రావడానికి ముందే దాన్ని నిర్ణీత నిబంధనల ప్రకారం పరీక్షించి, ఆ రకం బండ్లన్నిటికీ ఒకేసారి అనుమతి ఇచ్చే పద్ధతి. దీన్నే టైప్ అప్రూవల్ అంటారు.

ఈ పరీక్షల చరిత్రలో హానోవర్ వేదిక మాత్రమే కాదు, ఒక రకంగా పుట్టినిల్లు కూడా. 1871లో ఆ నగరంలో మొదలైన కాంటినెంటల్ టైర్ల సంస్థ, నగరానికి ఉత్తరాన లూనెబర్గ్ హీత్ అనే పొదల మైదానం అంచున 1967లో కాంటిడ్రోమ్ పేరిట పరీక్షా ట్రాక్‌ను తెరిచింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 11న ఆ ట్రాక్ మీద ఒక మెర్సిడెస్ బెంజ్ 250 కారు డ్రైవరు లేకుండా చుట్లు తిరిగింది. ట్రాక్‌కు అతికించిన తీగను కారు ముందున్న యాంటెన్నాలు కనిపెడుతూ ఉంటే, బండి ఏ కాస్త పక్కకు జరిగినా ఎలక్ట్రానిక్ వ్యవస్థ స్టీరింగును సరిచేసేది. కొలత పరికరాలు డిక్కీలో ఉండేవి. ఖాళీ డ్రైవరు సీటుతో తిరిగిన ఆ కారును నేటి స్వయంచాలిత వాహనాలకు తాతగా చెప్పుకోవడం మామూలే అయినా, దాన్ని తయారుచేసిన వారి ఉద్దేశం ప్రయాణికులను మోయడం కాదు. మనిషి నడిపితే ఒక్కో చుట్టు ఒక్కోలా ఉంటుంది, అలసట వస్తుంది, చెయ్యి తేడా పడుతుంది. టైరులోని తేడా ఏదో, డ్రైవరులోని తేడా ఏదో విడదీయడం కష్టం. ఆ గజిబిజి తొలగించడానికే డ్రైవరును దించేశారు.

2012లో అదే కాంటిడ్రోమ్‌లో మరో అడుగు పడింది. దాదాపు 300 మీటర్ల పొడవున్న హాలులో, మార్చుకోదగిన రోడ్డు ఉపరితలాల మీద, డ్రైవరు లేని కార్లను వేగంగా పంపి బ్రేకులు వేయించే ఏర్పాటు అది. ఎండ, గాలి, వాన వల్ల వచ్చే తేడాలను కూడా గోడల బయటే ఆపేశారన్నమాట. పరీక్షకు రెండు గుణాలుండాలి: మళ్లీ చేసినా అదే ఫలితం రావాలి, ఆ ఫలితం రోడ్డు మీది నిజానికి దగ్గరగా ఉండాలి. ఒకదాన్ని బిగించిన కొద్దీ రెండోది వదులవుతుంది. వాహన పరీక్షల కథంతా ఈ రెంటి మధ్య పెనుగులాటే.

ఆ పెనుగులాట ఎంత దూరం వెళ్లగలదో ప్రపంచానికి తెలిసింది 2015 సెప్టెంబరులో. ఉద్గారాల పరీక్ష ప్రయోగశాలలో రోలర్ల మీద, ముందే తెలిసిన వేగాల క్రమంలో జరుగుతుంది కాబట్టి, తాను పరీక్షలో ఉన్నానని గుర్తుపట్టి అంతవరకే పొగను అదుపులో ఉంచే సాఫ్ట్‌వేర్‌ను ఫోక్స్‌వ్యాగన్ తన డీజిల్ కార్లలో అమర్చింది. అలాంటివి ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్లు ఉన్నాయని సంస్థే ఒప్పుకుంది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పొగను కొలిచే పరికరాన్ని కారుకే తగిలించి మామూలు రోడ్ల మీద తిప్పడం వల్ల బయటపడిన మోసమిది. ఫోక్స్‌వ్యాగన్ ఓటింగ్ హక్కుల్లో 20 శాతం, హానోవర్ రాజధానిగా ఉన్న లోయర్ సాక్సనీ రాష్ట్ర ప్రభుత్వానివే. ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి సంస్థ పర్యవేక్షక మండలిలో సభ్యుడు. ప్రభుత్వమే భాగస్వామి అయినంత మాత్రాన నిఘా దానంతట అది వస్తుందనుకునే వారికి ఇంతకంటే పాఠం అక్కర్లేదు. ప్రశ్నపత్రం ముందే తెలిసిన విద్యార్థికి మంచి మార్కులు రావడంలో వింతేముంది? ఆ తర్వాత 2017 నుంచి ఐరోపాలో కొత్త నమూనా కార్లకు అసలు రోడ్డు మీద కూడా ఉద్గారాలు కొలవడం తప్పనిసరి అయింది.

పొగను రోడ్డు మీద కొలవవచ్చు గానీ, స్వయంచాలిత వాహనం భద్రతను అలా కొలవడం దాదాపు అసాధ్యం. మరణాల రేటులో అలాంటి వాహనాలు మనుషుల కంటే తీసిపోవని గణాంక శాస్త్రం ఒప్పుకునేలా నిరూపించాలంటే, ఒక్క మరణమూ లేకుండా 27.5 కోట్ల మైళ్లు, అంటే సుమారు 44 కోట్ల కిలోమీటర్లు నడపాలని అమెరికాలోని ర్యాండ్ సంస్థ 2016లో లెక్కగట్టింది. నూరు కార్లు రాత్రింబవళ్లు ఆగకుండా తిరిగినా అందుకు 12 ఏళ్లు దాటుతుంది. ఈలోగా సాఫ్ట్‌వేర్ మారితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అందుకే పరిశ్రమ దూరాన్ని వదిలి సన్నివేశాన్ని పట్టుకుంది: పక్క వరుసలోని కారు హఠాత్తుగా ముందుకు చొరబడడం, ముందున్న లారీ ఒక్కసారిగా ఆగడం వంటి ఘట్టాలను విడదీసి, వేగాలూ దూరాలూ మారుస్తూ కంప్యూటర్లో వేలసార్లు ఆడించి, వాటిలో క్లిష్టమైన కొన్నింటిని ట్రాక్ మీద పరీక్షించే పద్ధతి ఇది. బ్రేకు నియంత్రణ పెట్టె వంటి అసలు పరికరాన్ని కంప్యూటర్ సృష్టించిన రోడ్డుకు తగిలించి, అది నిజమైన రోడ్డేనని దాన్ని నమ్మించే మధ్యస్థ అంచెకు ‘హార్డ్‌వేర్ ఇన్ ద లూప్’ అని పేరు. జర్మనీలో 2016 నుంచి 2019 వరకు నడిచిన పెగాసస్ ప్రాజెక్టు ఈ పద్ధతికి ఒక రూపమిచ్చింది. హానోవర్ మీదుగా పోయే ఏ2 సహా లోయర్ సాక్సనీ రహదారులు కొన్నింటిని జర్మనీ అంతరిక్ష పరిశోధన సంస్థ డీఎల్‌ఆర్ పరీక్షా క్షేత్రంగా మార్చింది; ఏ39 రహదారి మీద ఒక భాగంలో స్తంభాలకు కెమెరాలు అమర్చి, అటుగా వెళ్లే వాహనాల కదలికలను, వాటిలోని మనుషులను గుర్తించకుండా, నమోదు చేస్తున్నారు. రోడ్డు మీద నిజంగా జరిగేది అక్కడి నుంచే సన్నివేశాల జాబితాలోకి చేరుతుంది.

మరి ఆ జాబితాలోకి ఏది ఎక్కాలో తేల్చేదెవరు? జర్మనీలో కొన్నేళ్లుగా ప్రజలను కలచివేసిన ఒక ప్రమాదం ఉంది. కూడలిలో లారీ కుడికి తిరుగుతుంది. దాని కుడిపక్కనే నేరుగా పోతున్న సైకిలు, అద్దంలో కనిపించని చోట, చక్రాల కిందికి పోతుంది. సైకిలిస్టుల సంఘాలు గొంతెత్తాయి, కూడళ్లలో తెల్ల రంగు వేసిన సైకిళ్లు స్మారకాలుగా నిలిచాయి. చివరికి ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం వాహన నిబంధనల్లో 151వ నంబరు వచ్చింది. లారీ పక్కన సైకిలు ఉంటే డ్రైవరును హెచ్చరించే వ్యవస్థను అది నిర్వచిస్తుంది. దాన్ని ఐరోపా సమాఖ్య 2022 జులై నుంచి కొత్త నమూనాలకు, 2024 జులై నుంచి కొత్త లారీలన్నిటికీ తప్పనిసరి చేసింది. ఇప్పుడు ట్రాక్ మీద లారీ పక్కన ఒక సైకిలు బొమ్మ కదులుతుంది. ఏ వేగంతో, ఎంత దూరంలో కదలాలో నిబంధనలో రాసి ఉంటుంది. తమ వారి చావును లెక్కలోకి తెప్పించుకున్న సమాజం, ఆ చావుకు ట్రాక్ మీద ఒక బొమ్మను సంపాదించుకుందన్నమాట.

ఇక తెలుగు నేల వైపు చూడాలి. కెమెరా కంటికి రోడ్డును అర్థం చేసుకోవడం నేర్పే చిత్రాల సంకలనాల్లో బాగా ప్రసిద్ధమైన ఒకటి 2016లో వెలువడిన సిటీస్కేప్స్. జర్మనీలోనూ, దాని ఇరుగుపొరుగు దేశాల్లోనూ మొత్తం 50 నగరాల్లో, పగటిపూట, మంచి వాతావరణంలో తీసిన ఆ చిత్రాల్లో హానోవర్ వీధులు కూడా ఉన్నాయి. 2018లో హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ, ఇంటెల్‌తో కలిసి హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద తీసిన 10,000 చిత్రాలతో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌ను విడుదల చేసింది. రెంటినీ పక్కపక్కన పెడితే తేడా వస్తువుల పేర్లలోనే బయటపడుతుంది. హానోవర్ చిత్రంలో రోడ్డు ఉంటుంది, కాలిబాట ఉంటుంది, వాటి మధ్య గట్టు గీత గీసినట్టుంటుంది. హైదరాబాద్ చిత్రంలో ఆటో ఉంది, పశువు ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా ‘రోడ్డు కాదు గానీ అవసరమైతే బండి పోనివ్వవచ్చు’ అనే ఒక కొత్త విభాగం ఉంది. తారు అంచు అరిగిపోయి మట్టిలో కలిసే ఆ మార్జిను, లారీ ఎదురొస్తే స్కూటరు దిగిపోయే చోటు, జర్మనీ సంకలనంలోని వర్గాలకు ఒదగదు. ఆ ఒక్క విభాగాన్ని చేర్చడం పెద్ద యంత్రం కనిపెట్టడం కంటే తక్కువ పనేమీ కాదు.

రోడ్డు తీరే కాదు, దాని మీద చనిపోయే వారూ వేరు. 2022లో భారత్‌లో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనదారులు, 19.5 శాతం పాదచారులు. అదే ఏడాది జర్మనీలో అన్ని రకాలూ కలిపి మృతులు 2,800 లోపే. వారిలో సైకిలిస్టులు దాదాపు ఆరింట ఒక వంతు. అక్కడి బొమ్మ సైకిలు కావడం న్యాయమే. ఇక్కడి బొమ్మ ఏమిటి?

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద 44వ జాతీయ రహదారి మీద ఈ ప్రశ్నకు ఘోరమైన జవాబు దొరికింది. అంతకుముందే జరిగిన ప్రమాదంలో ఒక మోటారు సైకిల్ రోడ్డు మీద పడి ఉంది. వాన, చీకటి. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు స్లీపర్ బస్సు దాని మీదికి ఎక్కి, ఈడ్చుకుంటూ పోయింది, నిప్పంటుకుంది, 19 మంది ప్రయాణికులు సజీవంగా కాలిపోయారు. 2013 అక్టోబరులో ఇదే హైదరాబాద్–బెంగళూరు మార్గంలో, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద 45 మంది బస్సులోనే కాలిపోయిన సంగతి మరుగున పడక ముందే జరిగిన దారుణమిది. భారీ వాహనాల స్వయంచాలిత అత్యవసర బ్రేకుకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి 131వ నిబంధన ట్రాక్ మీద పెట్టేవి ఆగి ఉన్న కారు, నెమ్మదిగా పోతున్న కారు, సవరణ తర్వాత రోడ్డు దాటుతున్న పాదచారి బొమ్మ. పక్కకు ఒరిగి పడి ఉన్న మోటారు సైకిల్ ఆ పరీక్షల్లో లేదు.

అది లేకపోవడానికి సాంకేతిక కారణం కూడా ఉంది. నేలకు ఆనుకుని, కదలకుండా ఉన్న లోహపు వస్తువును రాడార్ చూడగలదు. కానీ మ్యాన్‌హోల్ మూత, వంతెన కీలు కూడా దానికి అలాగే కనిపిస్తాయి. ప్రతి మూతకూ నిండు బ్రేకు వేసే బస్సు వెనక వచ్చే లారీకి గండం. అందుకే అలాంటి సంకేతాలను ఏ మేరకు పట్టించుకోవాలో, ఏ మేరకు వదిలేయాలో ఇంజనీర్లు గీత గీస్తారు. పరికరంలో లోపమేమీ లేకపోయినా పరిస్థితిని తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల వచ్చే ఈ తరహా ముప్పుకు ఐఎస్ఓ 21448 అనే ప్రమాణమే ఉంది. పరీక్షలో అడగని ప్రశ్న దగ్గర ఆ గీత ఏ వైపు జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. కెమెరా, రాడార్ రెండూ కలిసి చూస్తే తేడా పట్టడం సాధ్యమే. సాధ్యమైనదాన్ని తప్పనిసరి చేసేది పరీక్షే.

దీనికి ఎదురుగా వినిపించే మాట బలమైనదే. సీట్ల బస్సును స్లీపరుగా మార్చి, అత్యవసర ద్వారానికి బెర్తు అడ్డుపెట్టి, వేరే రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ చేయించుకుని తిప్పే దేశంలో ట్రాక్ మీది బొమ్మ గురించి మాట్లాడడం ఇంటికి నిప్పంటుకుంటే గోడకు సున్నం గురించి తర్కించడం లాంటిదని. నిజమే, అనుమతి పొందిన నమూనా ఒకటి, రోడ్డు మీది బస్సు మరొకటి అయినప్పుడు ఏ పరీక్షా పనిచేయదు. ఆ అడ్డదారి మూయడం ముందు పని. కానీ రెండో పని మొదటిదాని కోసం ఆగాల్సిన అవసరం లేదు, ఆగే వ్యవధీ లేదు. భారీ వాహనాల్లో అత్యవసర బ్రేకులను తప్పనిసరి చేసేందుకు కేంద్రం 2025లో ముసాయిదా వెలువరించింది. ఇక్కడి ప్రమాణాలు చాలావరకు ఐక్యరాజ్యసమితి నిబంధనల అచ్చులోనే పోస్తారు. అచ్చు పోసేటప్పుడే అడగాల్సింది అడగకపోతే, హానోవర్ సైకిలుకు కొలిచి కుట్టిన చొక్కానే కర్నూలు మోటారు సైకిలుకూ తొడగాల్సి వస్తుంది. 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న భారత్ ఎన్‌క్యాప్ భద్రతా రేటింగు నక్షత్రాలు కార్లకే, అవీ స్వచ్ఛందంగా ముందుకొచ్చిన సంస్థల కార్లకే. బస్సూ లారీ ఆ లెక్కలో లేవు.

ఇందులో వింత ఏమిటంటే, కావలసిన సరంజామా అంతా తెలుగు నేల మీదే ఉంది. 1981లో డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీలకు చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ బ్రేకును తెచ్చిన వాబ్కోకు హానోవర్ ప్రధాన ఇంజనీరింగ్ కేంద్రం. ఆ సంస్థను 2020లో కొనుక్కున్న జర్మనీ వాహన పరికరాల సంస్థ జడ్‌ఎఫ్, అంతకు మూడేళ్ల ముందే హైదరాబాద్‌లో సాంకేతిక కేంద్రం తెరిచింది. నానక్‌రామ్‌గూడలోని ఆ కేంద్రం ఇంజనీరు రోజూ దాటే రోడ్డు మాత్రం పరీక్షా నిబంధనలోకి ఎక్కదు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో, సుమారు రూ.130 కోట్లతో కేంద్రం మంజూరు చేసిన తిహాన్ స్వయంచాలిత వాహన పరీక్షా క్షేత్రం 2022 జులై 4న ప్రారంభమైంది. కూడళ్లు, సంకేత స్తంభాలతోపాటు కృత్రిమంగా వాన కురిపించే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. చీకటి రోజూ సాయంత్రం దానంతట అదే వస్తుంది. మెత్తని ఫోమ్‌తో చేసి, రాడార్‌కు అసలు బండిలా కనిపించే పూత పూసి, పక్కకు ఒరగబెట్టిన ఒక మోటారు సైకిల్ బొమ్మను ఆ వానలో పెట్టడం తక్కువ ఖర్చులో అయ్యే పని. ఏ వేగంతో వచ్చే బస్సు దాని ముందు ఎంత దూరంలో ఆగాలో ఒక పేజీలో రాయవచ్చు. ఆ పేజీ మన వాహన ప్రమాణాల సంఘం బల్ల మీదికీ, అక్కడి నుంచి జెనీవాలో ఐక్యరాజ్యసమితి నిబంధనలు రాసే కార్యవర్గం ముందుకూ వెళ్లే దారి తెరిచే ఉంది. జర్మనీ సైకిలు వెళ్లింది కూడా జెనీవాకే.